వాడి ఫోన్ లాక్కోవద్దు శైలూ

శైలూ,

నువ్వు మొన్న ఫోన్లో ఏడుస్తూ చెప్పిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "నీకేం తెలీదమ్మా, ఆడవాళ్లకి డబ్బున్నోడే కావాలి" అని ఇంటర్ చదివే నీ కొడుకు కంచం ముందు కూర్చుని అన్నాడంటే, అది వాడి బుర్రలో పుట్టిన మాట కాదు. రీల్స్‌లో విన్నది. అలాగని వాడి తప్పేం లేదనీ అనను.

ఫోన్ మాత్రం లాక్కోకు. ఎగతాళి అసలే వద్దు. బడిలో సైన్సు చెప్పే రోజుల్లో, ఆడపిల్లల గురించి ఏదో కూశాడని ఒక తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి క్లాసంతా నవ్వేలా ఏడిపించాను. బాగా బుద్ధి చెప్పాననుకున్నా. ఆ ఏడాదంతా వాడు నాతో మాట్లాడలేదు. పైగా వెనక బెంచీలో వాడి పక్కకి ఇంకో నలుగురు చేరారు.

వాడి మాటలతోనే మొదలుపెట్టు. ఊరికే "ఆల్ఫా" అంటున్నాడన్నావుగా. కొట్లాడి గెలిచిన మగ తోడేలే గుంపుకి నాయకుడు, అదే ఆల్ఫా అన్న ఊహ, ఎక్కడెక్కడివో తెచ్చి ఒకచోట బంధించిన తోడేళ్లను చూసి పుట్టింది. 1970లో పుస్తకం రాసి దాన్ని జనంలోకి తెచ్చిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే, అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, 1999లో అది సరికాదని రాశాడు. అడవిలో గుంపంటే చాలావరకు అమ్మ, నాన్న, పిల్లలు. నువ్వు పాఠంలా చెప్పకు, వాణ్ణే వెతకమను. బైపీసీ వాడేగా!

ఇది నీకు మాత్రం. "ఇన్‌సెల్" అంటే కోరుకున్నా తోడు దొరకనివాళ్లు. ఆ మాట 1990లలో కెనడాలో ఒక అమ్మాయి మొదలుపెట్టింది. తోడు దొరకనివాళ్లు ఆడా మగా కలిసి గోడు చెప్పుకుందామని. అదే మాట తర్వాత ఆడవాళ్లంటే పగబట్టినవాళ్ల చేతికి పోయింది. 2018లో టొరంటోలో వ్యాన్‌తో జనాన్ని గుద్ది పదకొండు మందిని బలిగొన్నవాడు, ముందుగా ఫేస్‌బుక్‌లో ఆ మాటే పెట్టాడు. పోయినవాళ్లలో తొమ్మిది మంది ఆడవాళ్లు. మనవాడు అలా అవుతాడని కాదు, భయపడకు. కాలేజీలో వాడికి స్నేహితులున్నారా? ఎవరైనా అమ్మాయి కాదందా? లావయ్యానని బాధపడుతున్నాడా? రాత్రిపూట కారులో పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. ఎదురెదురుగా కూర్చుంటే మగపిల్లలు నోరు విప్పరు.

భార్యని వేధించే భర్త, అత్తింటివాళ్ల మీద పెట్టే పాత చట్టంలోని 498ఏ తప్పుడు కేసుల సంగతి ఎత్తితే కొట్టిపారేయకు. అలాంటివీ ఉంటాయని ఒప్పుకో. ఆ సెక్షన్ పేరుతో వెంటనే అరెస్టులు చేయొద్దని 2014లో సుప్రీంకోర్టే పోలీసులకి చెప్పిందని చెప్పు. కట్నం కోసం మన చుట్టాల్లో ఎవరు ఎలా నలిగారో కూడా చెప్పు. పేర్లు నీకు తెలుసు.

ఒక్క విషయంలో మెత్తబడకు. క్లాసు పిల్ల ఫొటో కింద రోత కామెంట్ పెట్టాడన్నావే, అది చిన్నపిల్లల సరదా కాదు. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ కామెంట్ వాడి చేతే తీయించు, క్షమాపణ కూడా వాడే అడగాలి. ఆ పిల్ల ఫిర్యాదు చేస్తానంటే, వాళ్ల అమ్మకి ఫోన్ చేసి బతిమాలొద్దు.

ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నా. స్టేషన్‌కి వాణ్ణే పంపు, నువ్వు రాకు.

మీ పెద్దమ్మ