గొట్టం నిలబెట్టారా, పడుకోబెట్టారా?

వేడి గొట్టంలో పోయే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ పొడి) కలిపిన నీటికి సిమ్యులేషన్ చేస్తున్నానని, ప్రతి రేణువునూ విడిగా ట్రాక్ చేయాలా, మొత్తాన్నీ ఒకే ద్రవంగా తీసుకోవచ్చా అని అడిగారు. రేణువు సైజు చెప్పలేదు. జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కూకట్‌పల్లిలో రూమ్ తీసుకుని ఎం.టెక్ చేసే రోజుల్లో నా ప్రాజెక్టూ ఇదే. 5 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న గొట్టం, నీటి వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు, రేణువులు 50 మైక్రాన్లు. నీటి వేగాన్ని అందుకోవడానికి అలాంటి రేణువుకు అర మిల్లీసెకను చాలు. గొట్టం వ్యాసమంత దూరం కదలడానికి నీటికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ రెండు సమయాల నిష్పత్తినే స్టోక్స్ నంబర్ అంటారు, ఇక్కడ అది 0.01 దగ్గర. నీటితోపాటే పోతాయిలే అని ఒకే ద్రవంగా పెట్టేశాను. ఏప్రిల్ ఉక్కలో రాత్రంతా రన్, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. (ఆటోసేవ్ పెట్టుకోండి, నాలా ఏడవకండి.)

గ్రాఫులు ముచ్చటగా వచ్చాయి. చూపిస్తే మా గైడ్ అడిగింది ఒక్కటే: "గొట్టం నిలబెట్టావా, పడుకోబెట్టావా?"

పడుకోబెట్టాను. సిమ్యులేషన్‌లో గ్రావిటీ మాత్రం సున్నా పెట్టాను.

కిందికెళ్లి ఇరానీ చాయ్ చెప్పి, బిల్లు వెనకాల లెక్క వేశాను. ఆ సైజు అల్యూమినా నీళ్లలో సెకనుకు సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. గొట్టమే 5 మిల్లీమీటర్లు! నీరు చివరికి చేరడానికి 10 సెకన్లు. గొట్టం మొదట్లోనే చాలావరకు అడుగు పట్టేస్తాయి, చాయ్‌లో విరిగి పడిన బిస్కెట్ లాగా. అంతటా సమానంగా కలిసే ఉన్నాయనుకుని నేను గీసిందంతా ఉత్తిదే. అప్పుడు విడిగా ట్రాక్ చేయక తప్పలేదు. ఘనపరిమాణంలో రేణువులు వెయ్యో వంతు దాటితే అవి ఒకదాన్నొకటి గుద్దుకోవడం కూడా పట్టించుకోవాలి.

మీవి 50 నానోమీటర్లయితే సంగతి వేరు. సైజు వెయ్యి రెట్లు తగ్గితే దిగే వేగం పది లక్షల రెట్లు తగ్గుతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టనంతవరకు ఒకే ద్రవంగా తీసుకుంటే చాలు. కానీ అద్భుతాలు ఆశించకండి: 1873 నాటి మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం ఘనపరిమాణంలో 1 శాతం కలిపితే ఉష్ణ వాహకత పెరిగేది 3 శాతం దాకానే, పైగా చిక్కదనమూ పెరుగుతుంది.

ఏదైనా ముందు ఉత్త నీటితో రన్ చేయండి. గోడ నుంచి వేడి అంతటా సమానంగా ఇస్తే నస్సెల్ట్ నంబర్ (గోడ నుంచి నీటికి వేడి ఎంత బాగా చేరుతోందో చెప్పే అంకె) 4.36కి రావాలి. నా గొట్టంలో అది దాదాపు 90 సెంటీమీటర్లు దాటాకే వస్తుంది. నేను 30 సెంటీమీటర్ల దగ్గర కొలిచి, ఎక్కువొచ్చింది కాబట్టి అంతా రేణువుల మహిమేనని వారం రోజులు సంబరపడ్డాను.