‘సకురా సకురా’ మోహనంలా ఎందుకు వినిపిస్తోంది? – సమాధానం

జపాన్ పాట ‘సకురా సకురా’ను కీబోర్డు మీద వాయిస్తే మోహన రాగంలా వినిపిస్తోందని అడిగారు. మీరు నల్ల మెట్లే వాయిస్తున్నట్టున్నారు. ఆ ఐదింటిలో మోహనం వస్తుంది, ఈ పాట రాదు. ‘జపాన్ పాట అంటే ఐదు స్వరాలు’ అని విని చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఏ ఐదు అన్నదే అసలు సంగతి.

1. తెల్ల మెట్లలో ఇ, ఎఫ్, ఎ, బి, సి మాత్రమే ఉంచుకోండి. డి, జి ముట్టుకోవద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: పాట ‘ఎ’తో మొదలవుతుంది కదా అని దాన్నే షడ్జం (ఆధార స్వరం ‘స’) అనుకుంటారు. కాదు. పాట ముగిసేది ‘ఇ’ మీద, అదే స. అప్పుడు స్వరాలు స రి1 మ1 ప ద1. అంటే మన ‘కర్ణాటక శుద్ధసావేరి’ అనే రాగం మెట్లే, మామూలు శుద్ధసావేరి కాదు (గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం మాత్రం వద్దు, పాట చెడుతుంది). శ్రుతి పెట్టెను ‘ఇ’కి మార్చండి.

3. ఎత్తుగడ: మ మ ప – | మ మ ప – | మ ప ద ప | మ పమ రి –

4. ఎడమచేత్తో కార్డులు (chords, ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) తీసేయండి. స, ప చాలు.

ఇంత చిన్న పాట ఎలా నిలిచిందని కూడా అడిగారు. జపాన్ చరిత్రలో ‘ఎదో’ (Edo) యుగం నాటి బాణీ ఇది. 1888లో టోక్యో సంగీత పాఠశాల కోటో (జపాన్ తీగల వాద్యం) పాఠాల పుస్తకంలో అచ్చయింది. 13 తీగల కోటోను హిరాజోషి అనే పద్ధతిలో శ్రుతి చేస్తే తీగలన్నీ ఈ ఐదు స్వరాల వరసలోనే పలుకుతాయి, కొత్తవాళ్ల వేళ్లకు కూడా పాట వచ్చేస్తుంది. మనకు కర్ణాటక సంగీతంలో కొత్తవాళ్లకు మొదట నేర్పే ‘శ్రీగణనాథ’ గీతం లాగా అనుకోండి.

శ్రుతి పెట్టెతో పాట కలవకపోతే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో చూడండి.