టెక్ సందేహాలు: నీడ కూడా కాయేనంటున్న యాప్

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. ఫొటో తీస్తే ఎర్ర కాయలు, తాలు కాయలు విడదీసి లెక్క చెబుతుందని మావాడు ఒక ఉచిత యాప్ వేశాడు. తాలును వదిలేస్తోంది. నీడను కాయంటోంది. ఆనుకుని ఉన్న కాయలన్నీ దానికి ఒక్కటే. ఇంకేదైనా మంచి యాప్ చెప్పండి.

జవాబు: ఇంకో యాప్ చెప్పను. తెనాలి నుంచి నిమ్మకాయలకు, నూజివీడు నుంచి మామిడికి ఇదే ఫిర్యాదు వస్తోంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే, మీ యాప్‌కు కాయంటే ఏమిటో ఎవరూ నేర్పినట్టు లేదు. అలా నేర్పకుండా ఫొటోను విడదీసే పద్ధతులున్నాయి; కె-మీన్స్ లాంటి పద్ధతి చేసేది రంగు దగ్గరగా ఉన్న పిక్సెళ్లను, అంటే ఫొటోలోని చిన్న చుక్కలను, ఒక కుప్పలో వెయ్యడమే. ఎన్ని కుప్పలో కూడా మనమే చెప్పాలి. తాలు కాయ పాలిపోయి ఉంటుంది, గోతాం రంగూ ఇంచుమించు అదే. రెండూ ఒక కుప్పలో పడక ఏమవుతాయి?

2021లో వచ్చిన డినో పరిశోధనలో, ఎవరూ పేర్లు రాసివ్వని ఫొటోలతోనే తర్ఫీదైన ఏఐ మోడల్ వస్తువుల ఆకారాన్ని పట్టుకోగలిగింది. గొప్ప విషయమే. అయినా ఒకదాని మీద ఒకటి పడ్డ నలభై కాయల్ని విడివిడిగా లెక్కపెట్టడం వేరే పని.

కాబట్టి ఫొటో మార్చండి. నీలి పట్టా పరిచి, కాయలు తగలకుండా ఒక్క పొరగా పేర్చి, ఎండ నేరుగా పడని చోట నిట్టనిలువుగా పైనుంచి తీయండి. ఫ్లాష్ వద్దు, కాయ మెరిసిన చోటల్లా తెల్లమచ్చ పడుతుంది.

నాకు దిగులు మాత్రం తాలు గురించి కాదు. ఆ యాప్‌కు గ్యాలరీ మొత్తం చూసే అనుమతి ఇచ్చారా? కమీషన్ కొట్టు ఫోన్‌లో రైతుల ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, చెక్కుల ఫొటోలు ఉంటాయి. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. ఒక్క కాయల ఫొటో కోసం గ్యాలరీ అంతా అడిగే యాప్ తయారుచేసినవాళ్లు అది పొరపాటున పెట్టారని నేననుకోను. అడిగిందల్లా చూడకుండా నొక్కేయడం మన తప్పు.

ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి ఒక ఫొటో ఇచ్చి చూడండి. పని చేయనని మొరాయిస్తే మీ ఫొటో ఎవరిదో సర్వర్‌కు వెళ్తోందేమోనని అనుమానించాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి, ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇచ్చే వీలుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పర్మిషన్లు తెరిచి ఈ పూటే మార్చండి. పని అయిపోయిన రైతుల కార్డుల ఫొటోలు చెరిపేయండి, ట్రాష్‌లో నుంచి కూడా.