మీ అమ్మగారి గురించి ఒక్క వాక్యమే రాశారు

పెళ్లయి 24 ఏళ్లయిందనీ, 14 నెలల కిందట మామగారు పోయిన దగ్గర్నుంచి మీ వారు అవసరానికి మించి మాట్లాడటం లేదనీ, ఎరువుల దుకాణం మూశాక కూడా రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరడం లేదనీ, పక్షవాతంతో మంచాన పడిన అత్తగారి సేవంతా మీ మీదే పడిందనీ ఖమ్మం నుంచి రాశారు. ఇక ఈ కాపురంలో ఏం మిగిలిందని అడిగారు. మామగారి తరువాత 4 నెలలకే మీ అమ్మగారు పోయారనీ, మూడో రోజునే మీ వారు ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగితే వచ్చేశారనీ ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే మళ్లీ ఆయన మౌనం దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

మీకు తల్లి కోసం ఏడ్చే వ్యవధి దొరకలేదు. అత్తగారి మందులు, పక్కబట్టలు, స్నానాల మధ్య ఆ దుఃఖం అలాగే ఉండిపోయింది. ఆయన దుఃఖం దుకాణంలో ఉండిపోయినట్టే. ఆప్తులను పోగొట్టుకున్నవారు కాసేపు పోయినవారి తలపుల్లో, కాసేపు రోజువారీ పనుల్లో అటూ ఇటూ మారుతూ తేరుకుంటారని మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో వివరించారు. భార్యాభర్తలిద్దరికీ ఇవి ఒకే వేళకు రావు గనుక, ఒకరు కుమిలిపోతున్నప్పుడు మరొకరు లెక్కలు చూసుకుంటూ కనిపిస్తే మనసు లేని మనిషిలా తోస్తుంది. ఆయన కళ్లకు మీరూ అలాగే కనిపిస్తూ ఉండవచ్చు. అయినా ఆ ఫోన్ మాట మిమ్మల్ని బాధించడం న్యాయమే.

అందుచేత ఎందుకు మాట్లాడరని నిలదీయవద్దు. అత్తగారు నిద్రపోయాక పక్కన కూర్చుని, మామగారి గురించి మీకు గుర్తున్న సంగతేదైనా చెప్పండి. మరోనాడు, అమ్మ దగ్గర ఇంకొన్నాళ్లు ఉండాలనిపించిందని చెప్పండి. ఆయన వెంటనే బదులివ్వకపోయినా విని ఉంటారు.

అమ్మగారి సంవత్సరీకం రెండు నెలల్లో వస్తోందన్నారు. దానికి ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఆ నాలుగు రోజులు అత్తగారిని ఆడబిడ్డ చూసుకోవాలి. తల్లిదండ్రుల పోషణ బాధ్యతను 2007 నాటి చట్టం కూతుళ్లకూ ఇచ్చింది. దాన్ని చూపి ఆమెతో తగువు పెట్టుకోమనడం లేదు, అడగడం తప్పేమోనన్న సంకోచం మీకు వద్దని చెబుతున్నాను. అయితే అడగవలసింది మీ వారే. మీరు అడిగితే అది కోడలి ఫిర్యాదుగా మారిపోతుంది.

ఆయనకు నిద్ర, తిండి కరవైనా, బతకాలని లేదన్న మాట వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. విడిపోవడం గురించిన ఆలోచనను మాత్రం, ఇంత అలసటలో ఉండగా నిర్ణయంగా మార్చుకోవద్దు. ఆడబిడ్డతో మాట్లాడమని ఈ వారమే ఆయనతో చెప్పండి.