వీసాకు చూపించే ఎఫ్‌డీ, ఆపదకు దాచే ఎఫ్‌డీ ఒకటి కాదు

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 52. ప్రైవేటు కంపెనీలో 72 వేల జీతం, ఇంటి ఖర్చు 50 వేలు. మా అమ్మాయి హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ బీఏ ఆఖరి ఏడాదిలో ఉంది. మాడ్రిడ్‌లో స్పానిష్ సాహిత్యం, నాటకరంగం మీద ఏడాది మాస్టర్స్ చేస్తానంటోంది. అన్నీ కలిపి 18 లక్షలు అవుతుందని లెక్క వేసుకున్నాం. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని వీసాకు చూపించి తర్వాత వాడేస్తాం. మా ఆవిడ బంగారం మీద 5 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 7 లక్షలు తెస్తాను. టర్మ్ పాలసీ ప్రీమియం వచ్చే నెల కట్టాలి. అది ఆపేసి, అమ్మాయి స్థిరపడ్డాక కొత్త పాలసీ తీసుకుంటాను. ఈ మధ్యే నాకు షుగర్ బయటపడింది. ఊళ్లో ఒక ప్లాటు ఉంది కానీ పెళ్లికని ఉంచాం. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ. చదువు విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఇంజినీరింగ్‌కు ఇంతకు రెట్టింపు పోసేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు, పాతకాలపు స్పానిష్ నాటకకర్తలు లోపే దే వేగా, కాల్దెరోన్ నాటకాలు చదువుతానంటే మాత్రం బంధువులంతా లెక్కలు తీస్తారు. నా గొడవంతా మీరు డబ్బు తెచ్చే దారి గురించే.

విదేశీ చదువుల కోసం నాకు రాసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. వీసాకు చూపించిన డబ్బు ఖాతాలో ఉంది కాబట్టి ఆపదకు అదే ఆదుకుంటుందనుకుంటారు. అది అప్పటికే ఖర్చయిపోయిన డబ్బు. స్పెయిన్ విద్యార్థి వీసాకు నెలకు 600 యూరోల చొప్పున స్తోమత చూపించమంటారు. ఏడాదికి 7,200 యూరోలు. యూరో వంద రూపాయల దరిదాపుల్లో ఉందనుకున్నా 7 లక్షలు దాటుతుంది. మీ ఎఫ్‌డీ చూపించడానికే చాలదు. పైగా అది కనీసం మాత్రమే, మాడ్రిడ్‌లో గది అద్దె, తిండి కలిపితే 600తో గడవదు. 900 అనుకోండి.

ఇప్పుడు మీ అప్పుల లెక్క చూద్దాం. 7 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 14 వేలు, అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా. బంగారం మీద వడ్డీ ఇంకో 4 వేలు. ఖర్చులు పోను మీకు మిగిలే 22 వేలలో చేతికి వచ్చేది 4 వేలు. టర్మ్ ప్రీమియం ఎందుకు బరువైందో అర్థమైందా? ఏడాదికి 24 శాతం వడ్డీ కట్టడం కోసం ఇంటి పెద్ద బీమా ఆపుకుంటున్నారు. తెలిసినవాళ్లే కదా అంటారు. తెలిసినవాళ్లు ప్రామిసరీ నోటు రాయించుకోరా? మీ జీతం ఒక్క నెల ఆలస్యమైనా మొదట గుమ్మంలోకి వచ్చేది వాళ్లే.

షుగర్ బయటపడ్డాక పాలసీ వదులుకుని, 53, 54 ఏళ్లకు కొత్తది తీసుకుంటానంటున్నారు. వయసుకు ఒక పెంపు, షుగర్‌కు ఒక పెంపు వేస్తారు. ఇవ్వం అని కూడా అనొచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పటి రేటుకు దొరికిన పాలసీ మీ చేతిలో ఉంది, దాన్ని వదలకండి. ఆరోగ్య బీమా సంగతి మీరు రాయనేలేదు. కంపెనీ ఇచ్చేది ఒక్కటే ఉంటే ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. వీసా కోసం అమ్మాయికి తీసుకునే బీమా ఆమెకే పనికొస్తుంది, ఖమ్మంలో ఉన్న మీ ఇద్దరికీ కాదు. వయసు 55 దాటకముందే సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ తీసుకోండి.

ఆ 6 లక్షల జోలికి వెళ్లకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 3 లక్షలు, మాడ్రిడ్‌లో అమ్మాయికి మూడు నెలల ఖర్చు 2.7 లక్షలు, పైన మిగిలేది అత్యవసరంగా వస్తే ఒక టికెట్‌కు కాస్త ఆసరా. మీ వయసులో ప్రైవేటు ఉద్యోగం పోతే ఇంకోటి దొరకడానికి ఆరు నెలలు ఎక్కువేమీ కాదు.

మరి 18 లక్షలు ఎక్కడివంటారు? ప్లాటు ఉందిగా. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా హామీ ఆస్తి అడుగుతాయి. ఖాళీ ప్లాటును కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు కాబట్టి కాగితాలు పట్టుకుని ప్రభుత్వ బ్యాంకులు రెండు మూడు తిరగండి. మీ వాటా 15 శాతం, అంటే 2.7 లక్షలు. వడ్డీ పది శాతం అటూ ఇటూ, వాయిదాలు చదువు అయ్యాక ఏడాదికి మొదలు. నాటకాల కోర్సుకు ఏం ఉద్యోగం వస్తుందని మేనేజరు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోమనండి. ఎవరూ ఒప్పుకోకపోతే ప్లాటు అమ్మండి. పెళ్లికి దాచినదాన్ని ఆ పిల్ల చదువుకు వాడితే తప్పేముంది?

ఇంకో దారి, ఒక ఏడాది ఆగడం. స్పానిష్ వచ్చినవాళ్లను హైదరాబాద్ కంపెనీలు కస్టమర్ సపోర్టుకు, అనువాదానికి తీసుకుంటాయి. జీతంలోంచి ఆ 2.7 లక్షలు కూడబెట్టొచ్చు, స్పానిష్ ఎంత వచ్చో తేల్చే డెలే పరీక్షలో సీ1 అనే పై స్థాయి తెచ్చుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముందుస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు, అప్పు బాధే ఉండదు. పోటీ గట్టిగా ఉంటుంది, అయినా దరఖాస్తు చేయమనండి.

అక్కడ పార్ట్‌టైం చేస్తానని అమ్మాయి అనొచ్చు. విద్యార్థులు వారానికి 30 గంటల దాకా పనిచేయొచ్చు, నిజమే. కానీ నాటకాల చదువులో సాయంత్రాలు రిహార్సళ్లకే పోతాయి. జులైలో స్పెయిన్‌లోని అల్మాగ్రో ఊళ్లో నాటకోత్సవం ఉంటుంది. 17వ శతాబ్దపు పెరటి రంగస్థలం అక్కడ ఇప్పటికీ నడుస్తోంది, ఆ చదువు చదివేవాళ్లు చూడకుండా ఉండలేరు. ఆ ప్రయాణ ఖర్చు కూడా 18 లక్షల్లో వేశారో లేదో అడగండి. పార్ట్‌టైం జీతాన్ని మాత్రం లెక్కలో వేయకండి.

రెండు రూపాయల వాళ్లకు వద్దని ఈరోజే చెప్పేయండి. ప్రీమియం గడువు తేదీ దాకా ఆగకుండా ఈ నెల జీతంలోంచే కట్టండి. బ్యాంకుకు ఆ తర్వాత వెళ్లొచ్చు.