చిన్న బంగారం కోసం డిటెక్టర్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బీచ్‌లో చిన్న బంగారం వెతకడానికి ఏ మెటల్ డిటెక్టర్ (లోహం దగ్గరికొస్తే మోగే యంత్రం) కొనాలని అడిగావు. నువ్వు పంపిన నాలుగు పేర్ల పక్కనా ఎంత లోతు అందుతుందో రాశావు. ముందు ఆ లెక్క కొట్టెయ్. చెవిదుద్దు శీల లాంటిది ఏ యంత్రానికైనా కొద్ది అంగుళాల్లోనే అందుతుంది. నువ్వు అడగాల్సింది, తడి ఇసుక మీద ఆ యంత్రం నోరు మూసుకుని ఉంటుందా అని.

ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది. అందుకే తడి ఇసుక మొత్తం డిటెక్టర్‌కి ఒక బలహీనమైన లోహంలా కనిపిస్తుంది. సన్న బంగారమూ దానికి ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. ఉప్పు గోల తగ్గించబోతే బంగారం గొంతూ తగ్గిపోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇది తెలియక నేను 40 కిలోహెర్ట్జ్ పైన ఒకే ఫ్రీక్వెన్సీతో (యంత్రం పంపే తరంగం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) నడిచే యంత్రం కొన్నాను. పొడి ఇసుకలో అద్భుతం, బియ్యపు గింజంత ముక్కకి కూడా మోగింది. నీళ్ళు తగిలే గీత దాటానో లేదో, కాయిల్ (ఇసుక మీద ఊపే గుండ్రటి పళ్ళెం) ఊపినప్పుడల్లా కీచుమంది. సెన్సిటివిటీ, అంటే యంత్రం చెవి చురుకుదనం, తగ్గిస్తూ పోయాను. చివరికి అది నోరు మూసింది కానీ దుద్దుకీ మోగడం మానేసింది.

అందుకని ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో పనిచేసే రకం చూడు. వేర్వేరు ఫ్రీక్వెన్సీలకి వచ్చిన జవాబుల్ని పోల్చి, ఉప్పుని విడిగా లెక్క తీసేస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 900, మాంటికోర్, నోక్తా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 ఈ కోవలోవే. ఫ్రీక్వెన్సీలు మార్చుకోవచ్చని మాత్రమే రాసి ఉంటే మోసపోకు. మార్చుకోవడం వేరు, అన్నీ కలిసి నడవడం వేరు.

పల్స్ ఇండక్షన్ యంత్రాల దారి వేరు. అవి కరెంటుని దెబ్బలు దెబ్బలుగా పంపి, ఆపి, తర్వాత మిగిలిన ప్రతిధ్వని వింటాయి. ఉప్పుది త్వరగా చచ్చిపోతుంది కాబట్టి క్షణం ఆగి వింటే అడ్డురాదు. ఇనుప ఖనిజం ఉన్న నల్ల ఇసుకకీ అంతగా బెదరవు. కానీ సన్న బంగారం ప్రతిధ్వనికీ ఆయుష్షు తక్కువే. కరెంటు ఆపాక వినేముందు ఆగే సమయం, అంటే పల్స్ డిలే, 10 మైక్రోసెకన్ల దరిదాపుల్లో ఉంటే చిన్నవి వినిపిస్తాయి. ఇంకా తగ్గిస్తే ఉప్పు మళ్ళీ గొంతెత్తుతుంది. పైగా ఇనుమేదో బంగారమేదో ఇవి చాలావరకు చెప్పలేవు. జడపిన్నులూ గేలాలూ అన్నీ తవ్వుకోవాలి. నీ ఓపిక నాకు తెలుసు, మొదటి యంత్రంగా ఇది నీకొద్దు.

పెద్ద కాయిల్ మోజు కూడా వద్దు. ఎక్కువ ఇసుకని చూస్తుంది, దాంతో ఎక్కువ ఉప్పునీ చూస్తుంది. సన్న వస్తువులకి 6 నుంచి 9 అంగుళాలది నాకు నచ్చుతుంది. నడవాల్సింది ఎక్కువైతే 11 అంగుళాలది.

గొలుసుల మీద ఆశ పెట్టుకోకు. సన్న గొలుసుని డిటెక్టర్ మొత్తంగా చూడదు, ఒక్కో లంకెగా చూస్తుంది. చాలాసార్లు మోగేది దాని కొక్కెమే. ఇంకో మాట, రేకుముక్కల గోల భరించలేక డిస్క్రిమినేషన్ (పనికిరాని లోహాలకి మోగకుండా చేసే సెట్టింగు) పెంచావనుకో, సన్న ఉంగరాలూ దుద్దులూ వాటితో పాటే పోతాయి. రేకు తవ్వడానికి ఇష్టపడనివాడికి చిన్న బంగారం దొరకదు.

కొనేముందు పరీక్ష చెయ్. గాల్లో ఊపి చూస్తే లాభం లేదు, గాల్లో ఉప్పుండదు. మీ అత్తయ్య దుద్దుకి పొడవాటి దారం కట్టి తడి ఇసుకలో రెండంగుళాలు పూడ్చాను. (ఆ దారం లేకపోతే ఈ ఉత్తరం రాసే పరిస్థితిలో ఉండేవాణ్ణి కాదు.) గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి (ఇసుక సొంత గోలని పట్టించుకోకుండా యంత్రాన్ని సర్ది), కాయిల్‌ని ఇసుకకి ఆనీ ఆననట్టు నెమ్మదిగా ఊపాను. టింగుమని మోగుతుందనుకుంటావు. కాదు. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా సాగుతున్న శబ్దం చిన్నగా ఎక్కిళ్ళు పెట్టినట్టు తడబడింది, అంతే. అడ్డంగా తిరిగి ఊపినా అదే చోట మళ్ళీ తడబడింది. కెరటం వచ్చి వెనక్కి పోతున్నప్పుడు కూడా అది తెలిస్తే ఆ యంత్రం నీది.

నీళ్ళలో దిగేట్టయితే ఎంత లోతు వరకు తడవచ్చో చూసుకో. ఈక్వినాక్స్ 900కి 5 మీటర్లు, డియస్ 2కి 20 మీటర్లు. నీళ్ళ అడుగున వైర్‌లెస్ పనిచెయ్యదు. డియస్ 2 కాయిల్ దగ్గర్నుంచి రిమోట్ దాకా యాంటెన్నా వైరు వేసుకోవాలి.

ఇసుక తవ్వి జల్లించే స్కూప్ మాత్రం కొనకు, నా దగ్గర రెండున్నాయి. పెద్ద రంధ్రాల దాంట్లోంచి దుద్దులు జారిపోతున్నాయి. చిన్న రంధ్రాలది పక్కన పెట్టాను, వచ్చి పట్టుకెళ్ళు.

ఇట్లు,
మీ మావయ్య