పట్టుపురుగు ఎంజైముల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

హిందూపురం దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప అనంతపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. పట్టుపురుగులో ఒక్కో దశకు ఎంజైములు ఎట్ల మారతాయో ప్రాజెక్టు చేస్తానంటోంది. మేం ఇంట్లో పురుగు మేపేవాళ్లమే. మళ్లీ పురుగుల చదువేంది, బీఈడీ చేయమంటున్నా. మీరేమంటారు?"

అన్నా, పాపను ఆ ప్రాజెక్టు చేయనీయండి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు.

మీరు షెడ్డులో రోజూ చూసేదాన్నే ఆ అమ్మాయి పురుగు లోపల చూడబోతోంది. గూడు కట్టే ముందు ఆఖరిదైన ఐదో దశలో పురుగు ఆకు మీద పడి తింటుందే, జీవితంలో తినే మొత్తం ఆకులో ఎనభై శాతం దాకా అప్పుడే తింటుంది, ఆ ఆకును అరిగించి పట్టుగా మార్చే ఎంజైములు కూడా ఆ రోజుల్లో జోరు మీదుంటాయి. జ్వరానికి పోయిన, అంటే తోలు విడిచే ముందు నిద్రకు పోయిన పురుగు తిండి మానేసి కదలకుండా ఉంటుంది గానీ లోపల పని ఆగదు, కైటినేజ్ అనేది పాత తోలును కరిగిస్తుంటుంది. గూడు నుంచి రెక్కల పురుగు బయటికొచ్చేది కొరికి కాదు, కొకూనేజ్ అనే ఎంజైముతో జిగురును మెత్తబరచి దారి చేసుకుంటుంది. ఇంకొకటి, ప్యూర్ మైసూర్ లాంటి పాత రకాల జీర్ణరసంలో గంజిని అరిగించే అమైలేజ్ అనే ఎంజైము ఎక్కువ, ఏడాదికి రెండు తరాలిచ్చే రకమైన బైవోల్టిన్‌లో తక్కువ. ఎండాకాలం బైవోల్టిన్ పంట పెట్టి మీరు పడే టెన్షన్‌కు, ఇట్లాంటి పరిశోధనకు సంబంధముంది, ఎందుకంటే వేడిని తట్టుకునే రకాలను ఏరడానికి శాస్త్రవేత్తలు అమైలేజ్‌ను కూడా చూస్తారు.

ఇంక ఉద్యోగం సంగతి. టాపిక్ పేరు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు, చేతికొచ్చిన పని చూసి ఇస్తారు. పురుగును కోసి పేగును చల్లని ద్రావణంలోకి తీయడం, నూరి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైన తేరిన దాన్ని గంజిపిండి ద్రావణంతో కలిపి కొలిచినంతసేపు ఉంచి, డీఎన్ఎస్ అనే రసాయనం పోసి మరిగిస్తే వచ్చే నారింజ రంగును 540 నానోమీటర్ల దగ్గర చదవడం, ఇవన్నీ ఆ అమ్మాయి సొంతంగా చేయాలి. ఇదే చేతి పని ఫార్మా క్వాలిటీ ల్యాబుల్లో, ఎంజైములు తయారుచేసే కంపెనీల్లో, డయాగ్నోస్టిక్ కిట్లు చేసేచోట పనికొస్తుంది. ఆస్పత్రిలో లివర్ పరీక్షకు చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములనే పట్టుగ్రంథిలో కూడా కొలుస్తారు.

పరిశోధన వైపు పోవాలనుంటే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో లైఫ్ సైన్సెస్‌కు ఇప్పటి నుంచే చదవమనండి, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటద్దె భత్యం అదనం. కేంద్ర పట్టు మండలిలో సైంటిస్టు పోస్టులు ఉంటాయి గానీ నోటిఫికేషన్ ఏటా రాదు, అర్హతలూ మారుతుంటాయి. దాని ఒక్కదాని కోసమే కూర్చుని ఏండ్లు పోగొట్టుకోవద్దు, ఇది గట్టిగా చెప్తున్నా.

ఒక్క షరతు మాత్రం ఉంది. కాలేజీ ల్యాబులో సెంట్రిఫ్యూజ్, రంగు చదివే కలరీమీటర్ పనిచేస్తున్నాయో లేదో ముందే పోయి చూసుకోవాలి. రీడింగులు ఎవరి థీసిస్ నుంచో ఎత్తుకొచ్చే ప్రాజెక్టయితే వద్దనండి, ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే దొరికిపోతుంది. రకాల గురించి అడగాలంటే మీకు దగ్గర్లోనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది, గైడ్‌తో లెటర్ రాయించుకుని పోవచ్చు.

మీరు చేయగలిగిన సాయం కూడా ఉంది. ఐదో దశ అని రాస్తే సరిపోదు, ఎన్నో రోజు, మేత వేసి ఎన్ని గంటలైంది అని రాయాలి, ఎందుకంటే ఒకే దశలో కూడా రోజురోజుకు లెక్క మారుతుంది. రాబోయే పంటలో పురుగులు ఎప్పుడు జ్వరానికి పోయాయి, ఎప్పుడు లేచాయి, గూడు కట్టడానికి చంద్రికల మీదికి ఎప్పుడెక్కాయి, ఏ రకం, ఆ రోజు షెడ్డులో ఎంత వేడి ఉంది, ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి పాపకు ఇవ్వండి.